మెక్సికో సిటీలో నాలుగు రోజులు: రోజుకో దిక్కు

డాలస్ నుంచో హ్యూస్టన్ నుంచో మూడు గంటల లోపు ఫ్లైటే కదా, లాంగ్ వీకెండ్‌కి వెళ్లొచ్చేద్దాం అని టికెట్ కొనేసి, ఆ తర్వాత ఏం చూడాలో వెతుక్కునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తా. చుట్టుపక్కల పట్టణాలు కలుపుకుంటే రెండు కోట్లకు పైగా జనం ఉన్న ఊరు ఇది. ఉదయం దక్షిణాన కొయొవకాన్ పేట, మధ్యాహ్నం ఉత్తరాన పిరమిడ్లు, సాయంత్రం ఊరి మధ్య సోకలో మైదానం అని ప్లాన్ వేశారంటే మీరు చూసేది ముందు కారు నంబర్ ప్లేటే. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన ఘనకార్యం ఇదే, పైగా సోమవారం పూట మ్యూజియం గుమ్మం దాకా వెళ్లి మూసిన గేటు ముందు ఫొటో దిగి వచ్చాను. రెండోసారి మాత్రం శుక్రవారం పడమర, శనివారం దక్షిణం, ఆదివారం ఊరి మధ్య, సోమవారం ఉత్తరం అని రోజుకో దిక్కు పెట్టుకున్నాను, హాయిగా తిరిగాను. తూర్పున విమానాశ్రయం ఉంది కాబట్టి ఆ దిక్కు ఎలాగూ రెండుసార్లు చూస్తారు.

ముందు కాగితాలు

భారతీయ పాస్‌పోర్టుకి మామూలుగా మెక్సికో వీసా కావాలి. కానీ చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే అక్కర్లేదు. కెనడా, యూకే, జపాన్, షెంగెన్ వీసాలకీ ఇదే వెసులుబాటు. మనవాళ్లు తప్పు చేసేది ఒక్కచోట: పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు తేదీ అయిపోయి, చేతిలో ఐ-797 (హెచ్-1బీ లాంటి స్టేటస్ మంజూరు చేసిన కాగితం) మాత్రమే ఉన్నవాళ్లు "స్టేటస్ ఉంది కదా" అని బయల్దేరతారు. మెక్సికో చూసేది స్టాంపునే. అది అయిపోతే విడిగా మెక్సికో వీసా తీసుకోవాల్సిందే. అమ్మానాన్నలు టూరిస్టు వీసా మీద అమెరికా వచ్చి ఉంటే, ఆ వీసా తేదీ ఇంకా ఉన్నట్టయితే వాళ్లనీ తీసుకెళ్లొచ్చు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు మెక్సికో రాయబార కార్యాలయం పేజీ ఒకసారి చూసుకోండి.

తిరుగు ప్రయాణం టికెట్టు, హోటల్ బుకింగ్ కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి. ఫోన్లో చూపిస్తాం అనుకుంటే అక్కడి ఇమిగ్రేషన్ హాల్లో సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలీదు. హెచ్-1బీ వాళ్లు ఐ-797 ఒరిజినల్, స్టూడెంట్లు కాలేజీ ఇచ్చిన, ట్రావెల్ సంతకం ఉన్న ఐ-20 కాగితం మర్చిపోవద్దు, అవి వెళ్లేటప్పటికంటే తిరిగొచ్చేటప్పుడు ముఖ్యం. మెక్సికో ఆఫీసర్ స్టాంపు వేశాక ఎన్ని రోజులు ఇచ్చారో అక్కడే చదువుకోండి, అందరికీ 180 రోజులు రాసివ్వరు.

ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

సముద్రమట్టానికి ఈ ఊరు దాదాపు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే ఊటీ అంత ఎత్తు. ఊటీకి ఘాట్ రోడ్డు మీద మెల్లగా ఎక్కుతాం, ఇక్కడ విమానం సరాసరి తీసుకెళ్లి దించేస్తుంది. మొదటిరోజు మెట్లెక్కితే ఆయాసం, కాస్త తలనొప్పి, రాత్రి సరిగా నిద్ర పట్టకపోవడం మామూలే, టెన్షన్ పడకండి. నీళ్లు బాగా తాగండి, మొదటి సాయంత్రం మందు జోలికి వెళ్లకండి, రాత్రి కొంచెం తక్కువ తినండి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లని తీసుకెళ్లేముందు డాక్టర్‌ని అడగండి.

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలుండవు. జూన్ నుంచి అక్టోబర్ మొదలయ్యేదాకా ఉదయం ఎండగా ఉండి, సాయంత్రం నాలుగయ్యేసరికి కుండపోతగా పడుతుంది, కాబట్టి ఆ నెలల్లో బయట తిరిగేవన్నీ పొద్దున్నే పెట్టుకోండి. మెక్సికో అనగానే ఎండలు అనుకుని నిక్కర్లు, టీషర్టులు మాత్రమే సర్దుకునేవాళ్లుంటారు, డిసెంబర్ తెల్లవారుజామున స్వెట్టర్ లేకపోతే వణుకు తప్పదు. మధ్యాహ్నం ఎండ మాత్రం ఆ ఎత్తు వల్ల చర్మాన్ని కాల్చేస్తుంది, టోపీ ఉండాలి.

ప్లగ్గులు అమెరికావే, కరెంటు 127 వోల్టులు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు ఫోన్ చార్జర్ వాడుకోవచ్చు, ఎలక్ట్రిక్ కుక్కర్ మాత్రం పట్టుకురాకండి. గడియారం సంగతి కూడా చూసుకోండి: 2022లో ఇక్కడ వేసవిలో గంట ముందుకు జరపడం ఆపేశారు. అందుకే చలికాలంలో డాలస్ టైమే ఉంటుంది, వేసవిలో డాలస్ కంటే గంట వెనక. ఇండియాకి మాత్రం ఏడాది పొడవునా పదకొండున్నర గంటల తేడా.

దిగిన తర్వాత

బెనితో హువారెస్ విమానాశ్రయంలో దిగుతారు, అది ఊళ్లోనే ఉంది. టికెట్ చవగ్గా వచ్చిందని సంబరపడేముందు విమానాశ్రయం పేరు చూడండి, ఫెలిపె ఆంహెలెస్ అని ఉంటే అది 2022లో తెరిచిన ఇంకోటి, ఊరికి ఉత్తరాన చాలా దూరం, మిగిల్చిన డబ్బు టాక్సీకి పోతుంది. బెనితో హువారెస్‌లో రెండు టెర్మినళ్లు, ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి పోలేరు, తిరుగు ప్రయాణం ఏ టెర్మినలో ముందే రాసిపెట్టుకోండి.

బయటికొస్తూనే "టాక్సీ, టాక్సీ" అంటూ వెంటపడేవాళ్లని పట్టించుకోకండి. లోపలే ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్లుంటాయి, "తాక్సి ఔతోరిసాదో" అని రాసుంటుంది, మన రైల్వే స్టేషన్లలో లాగే ఏ ప్రాంతానికి ఎంతో ముందే కట్టి చీటీ తీసుకుంటారు. ఊబర్, దీదీ యాప్‌లు ఊరంతా బాగా పనిచేస్తాయి. బ్యాగు చిన్నదైతే మెట్రోబస్ (రైలు కాదు, బస్సే) నాలుగో లైను విమానాశ్రయం నుంచి ఊరి మధ్యకి 30 పెసోలకే తీసుకెళ్తుంది, పెసో అంటే ఇక్కడి డబ్బు. పెద్ద సూట్‌కేసుతో మెట్రో ఎక్కే ఆలోచన మానుకోండి.

హోటల్ రోమా, కొందేసా, హువారెస్ పేటల్లో తీసుకోండి, నాలుగు దిక్కులకీ సమదూరం. పొలాంకో ఖరీదు, భారత రాయబార కార్యాలయం అక్కడే ఉంది. పాత ఊరు పగలు కళకళలాడుతుంది, రాత్రి షాపులు కట్టేశాక వీధులు బోసిపోతాయి. తెపీతో అనే పేట వైపు మాత్రం సరదాకి కూడా వెళ్లొద్దు.

డబ్బు, మెట్రో

పెసోకీ, డాలర్‌కీ గుర్తు ఒకటే. మెనూలో కాఫీ పక్కన డాలర్ గుర్తు వేసి 60 అని ఉంటే గుండె పట్టుకోకండి, అవి పెసోలు. కొన్నేళ్లుగా డాలర్‌కి 17 నుంచి 20 పెసోల మధ్య ఆడుతోంది, రూపాయల్లో పెసోకి నాలుగైదు అనుకోండి. బ్యాంకు లోపలున్న ఏటీఎంలోనే తీసుకోండి, "మా రేటుకి మార్చి ఇవ్వాలా" అని మెషిన్ అడిగితే వద్దనే నొక్కండి, మీ బ్యాంకు రేటే నయం. 500 నోటు తీసుకెళ్లి టాకో బండివాడికి ఇస్తే వాడి దగ్గర చిల్లర ఉండదు, ప్రతి వీధి చివరా ఉండే ఓక్సో కొట్లో నీళ్ల సీసా కొని మార్చుకోండి. 50 పెసోల కొత్త నోటు మీద అహొలోతె అనే ఉభయచర జీవి బొమ్మ ఉంటుంది, ముద్దుగా ఉందని జనం ఖర్చు పెట్టకుండా దాచుకుంటారు. నేనూ ఒకటి దాచుకున్నా.

హోటల్లో కూర్చుని తింటే 10 నుంచి 15 శాతం టిప్పు ఇస్తారు, దాన్ని ప్రొపీనా అంటారు. బిల్లులో ముందే కలిపారేమో చూసి ఇవ్వండి.

మెట్రో టికెట్టు 5 పెసోలు, ఎంత దూరమైనా అంతే. స్టేషన్లో ఒక కార్డు కొని డబ్బు వేయించుకుంటే మెట్రో, మెట్రోబస్, గాల్లో వెళ్లే కేబుల్ కార్లు అన్నిటికీ అదే. 1969లో మెట్రో మొదలైనప్పుడు చదువు రానివాళ్లు కూడా దారి తప్పకుండా ప్రతి స్టేషన్‌కీ ఒక బొమ్మ పెట్టారు, చపుల్తెపెక్‌కి మిడత, కొయొవకాన్‌కి తోడేలు జాతి జంతువు, అలా. స్పానిష్ పేర్లు నోరు తిరగకపోతే మనకీ ఆ బొమ్మలే దిక్కు. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య ఎక్కకండి, ఎక్కాల్సి వస్తే ఆడవాళ్లకీ పిల్లలకీ ముందు పెట్టెలు విడిగా ఉంటాయి. బ్యాగు ముందుకి తగిలించుకోండి, ఫోన్ వెనక జేబులో పెట్టారో అది మీది కాదు. రాత్రి పదయ్యాక యాప్ కారే ఎక్కండి, రోడ్డు మీద పోయే టాక్సీని చెయ్యి ఊపి ఆపొద్దు.

ఇక దిక్కులు

*పడమర, శుక్రవారం.* చపుల్తెపెక్ పార్కు, దాన్నానుకునే 1964లో కట్టిన జాతీయ మానవశాస్త్ర మ్యూజియం. మొదటిరోజు ఊపిరి అందీ అందకుండా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా నడిచే చోటు ఇదే మంచిది. అన్ని హాళ్లూ చూడాలంటే రెండు రోజులు చాలవు, సరాసరి ఎదురుగా ఉన్న మెహికా హాలుకి వెళ్లిపోండి (స్పెయిన్‌వాళ్లు రాకముందు ఇక్కడ ఏలిన అజ్‌టెక్‌లకి ఇంకో పేరు మెహికా), వాళ్లు చెక్కిన సూర్యశిల అక్కడే ఉంది, 24 టన్నుల రాయి, 1790లో సోకలో మైదానంలో తవ్వుతుంటే బయటపడింది. తర్వాత తెయోతివకాన్ హాలు చూడండి, సోమవారం వెళ్లే పిరమిడ్లు ఆ పాత నగరానివే, అప్పుడు బాగా అర్థమవుతాయి. ఓపిక మిగిలితే గుట్ట మీద కోట ఎక్కండి. లేకపోతే మానేయండి, ఏం పర్లేదు.

*దక్షిణం, శనివారం.* చిత్రకారిణి ఫ్రీదా కాహ్లో పుట్టి, 1954లో చనిపోయిన నీలం ఇల్లు కొయొవకాన్‌లో ఉంది. టికెట్టు ఆన్‌లైన్లో ముందే కొనాలి, శనివారానికైతే కొన్ని వారాల ముందే అయిపోతాయి, అక్కడికెళ్లి బతిమాలితే లాభం లేదు. దొరక్కపోతే బాధపడకండి, ఆ పేట చెట్ల నీడల్లో తిరగడమే సగం ఆనందం.

అక్కణ్ణుంచి కారులో సోచిమిల్కో. అజ్‌టెక్‌ల కాలంలో చెరువులో మట్టి పోసి మడులు కట్టి సాగుచేసిన చోటు, ఇప్పటికీ ఆ కాలువల పక్కన పువ్వులు, కూరలు పండిస్తారు. రంగురంగుల పడవలు అద్దెకిస్తారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది: రేటు గంటకి, పడవ మొత్తానికి, మనిషికింత అని కాదు. రోడ్డు మీదే కారు ఆపి "టికెట్లు ఇక్కడే" అనేవాళ్లని దాటుకుని రేవు దాకా వెళ్లి, బోర్డు మీద రేటు చదివి, ఎన్ని గంటలో ముందే ఖరారు చేసుకుని ఎక్కండి. పక్కన పడవలో మరియాచి వాద్యగాళ్లు వచ్చి పాడతామంటే అది పాటకింత అని. నలుగురైదుగురు కలిసి వెళ్తేనే గిట్టుబాటు, ఇద్దరే అయితే జేబుకి కాస్త బరువు.

*ఊరి మధ్య, ఆదివారం.* ఆదివారం ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా రెఫోర్మా రోడ్డు మీదికి కార్లు రానివ్వరు, సైకిళ్లు, స్కేటింగులు, కుక్కలు, ముసలాళ్లు, అందరూ రోడ్డు మీదే. సైకిల్ తీసుకుని, లేదా నడిచి, అలా పాత ఊరు వైపు వెళ్లిపోండి. బెయాస్ ఆర్తెస్ అనే తెల్లటి పాలరాతి భవనం ఎదురుగా సియర్స్ షాపుంది, దాని ఎనిమిదో అంతస్తు కాఫీ షాపులో బాల్కనీ వైపు కూర్చుంటే ఆ గోపురం మొత్తం కాఫీ ఖర్చుతోనే చూడొచ్చు.

సోకలో మైదానంలో పెద్ద చర్చి ఒక పక్కకి ఒరిగి కనిపిస్తుంది, మీ కళ్లకేం కాలేదు. 1325లో అజ్‌టెక్‌లు చెరువు మధ్య ద్వీపం మీద కట్టిన ఊరు ఇది, స్పెయిన్‌వాళ్లు వచ్చి ఆ ఊరిని పడగొట్టి దాని మీదే కట్టుకున్నారు, ఆ తర్వాత చెరువునీ ఎండగట్టారు, ఇప్పుడు కింది నీళ్లు తోడేకొద్దీ ఆ మెత్తటి మట్టి కుంగిపోతోంది. చర్చి పక్కనే తెంప్లో మయోర్, అజ్‌టెక్‌ల పెద్దగుడి. 1978లో కరెంటు పనివాళ్లు తవ్వుతుంటే చంద్రదేవత శిల్పం తగిలింది, దాంతో చుట్టూ భవనాలు తీసేసి మొత్తం తవ్వారు. ఆదివారం స్థానికులకి ఉచితం కాబట్టి రద్దీ ఉంటుంది, వీలైతే ముందు ఇది చూసి తర్వాత మిగతావి తిరగండి.

*ఉత్తరం, సోమవారం.* సోమవారం చాలా మ్యూజియాలు మూసేస్తారు, తెయోతివకాన్ పిరమిడ్లు తెరిచే ఉంటాయి. మెట్రో ఐదో లైన్లో ఔతొబూసెస్ దెల్ నోర్తె స్టేషన్లో దిగితే ఎదురుగానే బస్టాండు. లోపలికెళ్లి ఎడమ చేతి వైపు నడిస్తే ఎనిమిదో గేటు దగ్గర టికెట్ కౌంటర్ కనిపిస్తుంది. "పిరమిదెస్" అని రాసిన బస్సే ఎక్కండి, సాన్ హువాన్ తెయోతివకాన్ అన్నది పక్క ఊరికి పోతుంది. గంట ప్రయాణం. ఎనిమిదింటికి గేటు తీసే టైముకి ఉండండి, పదకొండయ్యాక ఆ రెండు కిలోమీటర్ల బాట మీద నీడన్నదే లేదు. సూర్య పిరమిడ్ ఎత్తు దాదాపు 65 మీటర్లు. 2020 నుంచి ఎక్కడం మీద ఆంక్షలున్నాయి, ఎక్కడానికే వెళ్తున్నాం అనుకుని మాత్రం వెళ్లకండి. పులి గాండ్రింపులా అరిచే మట్టి బూర అమ్మేవాళ్లు ప్రతి పది అడుగులకీ తగులుతారు, పిల్లలు వెంట ఉంటే కొనక తప్పదు, ఇంటికొచ్చాక మీ చెవులు మీ ఇష్టం.

తిరిగొచ్చి అదే స్టేషన్ నుంచి మెట్రోలో గ్వాదలూపే మాత (ఇక్కడివాళ్లు కొలిచే మేరీమాత) గుడికి వెళ్లండి, లా వీయా బసీలికా స్టేషన్, మధ్యలో ఒక్క లైను మారాలి. ఇక్కడ అమ్మవారి పటం కింద కదిలే బెల్టు పెట్టారు, దాని మీద నిలబడితే అదే మిమ్మల్ని ముందుకి తీసుకుపోతుంది. తిరుమలలో "జరగండి జరగండి" అని నెట్టే పని ఇక్కడ మెషిన్ చేస్తోందన్నమాట. మనసు నిండకపోతే మళ్లీ తిరిగొచ్చి ఎక్కొచ్చు, ఆ సుఖం తిరుమలలో లేదు. డిసెంబర్ 12 చుట్టుపక్కల వెళ్తే మాత్రం లక్షల జనం, మోకాళ్ల మీద నడిచొచ్చేవాళ్లని చూస్తారు.

తిండి

శాకాహారులు భయపడక్కర్లేదు, కానీ అడగడం నేర్చుకోవాలి. "సిన్ కార్నే" అంటే మాంసం వద్దు అని, అయితే వాళ్ల లెక్కలో కార్నే అంటే ఎక్కువగా గొడ్డు మాంసమే, కోడి అందులోకి రాదు. అందుకని "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మాంసం, కోడి, చేప మూడూ వద్దని చెప్పండి. అది చెప్పినా రెండు చోట్ల దొరికిపోతారు: ఎర్రన్నం కోడి రసంతో వండుతారు, ముద్దపప్పులా చేసే చిక్కుడు గింజల్లో పంది కొవ్వు వేస్తారు. "తియెనె మంతేకా?" అని అడిగితే కొవ్వు ఉందో లేదో చెప్తారు. మాంసం తినేవాళ్లకి కూడా నాలుగు మాటలు కావాలి, రెస్ అంటే గొడ్డు మాంసం, సెర్దో లేదా పుయెర్కో అంటే పంది, పోయో కోడి, బోర్రెగో గొర్రె. టాకో అల్ పస్తోర్ చూడ్డానికి మన షవర్మాలాగే నిలువు కడ్డీకి తిరుగుతుంటుంది, లెబనాన్ నుంచి వచ్చినవాళ్ల చలవే అది, కానీ పంది మాంసం.

రోడ్డు పక్కన నల్లటి, నీలం రంగు పిండితో రొట్టెలు కాల్చే ఆడవాళ్ల దగ్గర ఆగండి. మొక్కజొన్నని సున్నం నీళ్లలో ఉడికించి రుబ్బిన పిండి అది. లోపల గుమ్మడి పువ్వు, నాగజెముడు ముక్కలు, పుట్టగొడుగులు, వీత్లకోచే అనే మొక్కజొన్న బూజు పెట్టి మడిచిస్తారు. బూజు అనగానే మొహం చిట్లించకండి, తిని మాట్లాడండి. ఇక్కడో తమాషా ఉంది, ఈ ఊళ్లో కేసాదియా (ఇలా మడిచిన రొట్టె) అడిగితే చీజ్ ఉంటుందన్న గ్యారంటీ లేదు, "కోన్ కేసో" అని విడిగా చెప్పాలి. దేశంలో మిగతా ఊళ్లవాళ్లు దీని మీద వీళ్లని ఎప్పుడూ ఆటపట్టిస్తుంటారు.

మధ్యాహ్నం భోజనం రెండు నుంచి నాలుగు మధ్య. "కొమీదా కొర్రీదా" అని బోర్డు ఉంటే అది మన మీల్స్ లాంటిది, సూపు, అన్నం, కూర, తాగడానికి ఒకటి, అన్నీ కలిపి ఒకే రేటు. తాగడానికి హమైకా అడగండి. ఎర్రగా పుల్లగా ఉండే ఆ నీళ్లు మన గోంగూర మొక్క పువ్వు రాలాక మిగిలే ఎర్ర తొడుగుతో చేసినవి, మొక్క అదే, ఆకు మనం తింటాం, తొడుగు వాళ్లు తాగుతారు.

కుళాయి నీళ్లు తాగొద్దు, పళ్లు తోముకోడానికి కూడా సీసా నీళ్లు వాడితే మంచిది. జనం మూగిన బండి దగ్గరే తినండి. కడుపు చెడితే మందుల షాపుకి వెళ్లండి, చాలా షాపుల పక్కనే చిన్న గదిలో డాక్టర్ ఉంటారు, ఫీజు తక్కువ. బయట టాయిలెట్‌కి కొన్ని పెసోలు తీసుకుంటారు, కాగితం బుట్టలో వేయాలి, నీళ్ల పైపు ఉండదు, చిన్న సీసా మీదే పట్టుకెళ్లండి.

భూకంపం సైరన్

చెరువు మట్టి మీద ఊరు కాబట్టి దూరాన వచ్చిన కంపనానికీ ఊగుతుంది. 1985లో, 2017లో, 2022లో మూడుసార్లూ పెద్ద భూకంపం సెప్టెంబర్ 19నే వచ్చింది, కాకతాళీయమే గానీ ఆ తేదీ వస్తే అందరికీ గుబులు. వీధి స్తంభాలకి కట్టిన స్పీకర్లలోంచి వింతగా ఊళ పెడుతున్న సైరన్ వినిపిస్తే దూరాన ఎక్కడో భూమి కదిలిందని, మీకు కొన్ని సెకన్ల టైముందని అర్థం. లిఫ్టు ఎక్కకండి, హోటల్ వాళ్లు ఎటు పొమ్మంటే అటు పొండి. గదిలో దిగిన రోజే ఆ దారి అడిగి పెట్టుకోండి. ఏటా సెప్టెంబర్ 19న డ్రిల్ కూడా చేస్తారు. అత్యవసరానికి నంబర్ 911.

ఇంకో శబ్దం కూడా వింటారు, ఒక చిన్నపిల్ల గొంతు సాగదీస్తూ పరుపులు, ఫ్రిజ్‌లు, స్టవ్‌లు కొంటాం అని మైకులో అరుస్తూ వ్యాన్ పోతుంటుంది. కంగారు పడకండి, పాత ఇనుప సామాన్లవాళ్లు. చీకటి పడ్డాక రైలు కూత వినిపిస్తే చిలగడదుంపల బండి.

వెనక్కి

విమానాశ్రయానికి మూడు గంటల ముందు చేరేలా చూసుకోండి, సోమవారం సాయంత్రమైతే దారికి ఇంకో గంట కలపండి. మోలే (మిరపకాయలతో చేసే గ్రేవీ) పేస్టు, పచ్చిమిర్చి సల్సా సీసాలు చేతి బ్యాగులో పెడితే చెకింగ్‌లో తీసేస్తారు, సూట్‌కేసులో సర్దండి. మామిడి, జామ లాంటి పళ్లు అమెరికాకి తేకండి, ఎండబెట్టిన హమైకా పొట్లం కొనుక్కుంటే కస్టమ్స్‌లో చెప్పేయండి. నేను అరకిలో తెచ్చి, సగం రసం చేసుకుని, మిగతా సగం పప్పులో వేసి చూశాను. పులుపు సరిపోయింది, గోంగూర వాసన మాత్రం రాలేదు.